ఒకే మనిషి, రెండు జాబితాలు



మనూళ్ల నుంచి బతకపోయినోళ్లు సికింద్రాబాద్‌లో ఎక్కడుంటరు? చానామంది రసూల్‌పురా, పికెట్, బొల్లారం దిక్కే. అదంతా కంటోన్మెంటు. 1806లో తెల్లదొరలు తమ ఫౌజు కోసం పెట్టిన జాగా. 2011 లెక్కల్లో అక్కడి జనం 2 లక్షల 17 వేలు.

అక్కడ మోరీ, వీధిదీపం, ఇంటిపన్ను చూసేది మున్సిపాలిటీ కాదు, కంటోన్మెంటు బోర్డు. దాని అధ్యక్షుడు ఓట్లతో రాడు, ఫౌజు అధికారి. (మన సర్పంచే నయం, రచ్చబండ కాడ నిలేసి అడగొచ్చు.) 8 వార్డుల సభ్యుల్ని మాత్రం జనం ఎన్నుకోవాలె. 2015 జనవరిలో ఎన్నుకున్నరు. వాళ్ల గడువు పొడిగించంగ పొడిగించంగ 2021 ఫిబ్రవరిలో ముగిసింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలన్నరు, మార్చిలోనే రద్దన్నరు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. రక్షణశాఖ భూమిలో నీ గుడిసె అక్రమమని చెప్పి బోర్డు ఓటర్ల జాబితాలోంచి వేల పేర్లు కొట్టేసిండ్రు. ఆ మనిషికే అసెంబ్లీ ఓటు ఉంటది. ఆ అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు కూడా! ఎమ్మెల్యేను ఎన్నుకోవచ్చునట, ఇంటిముందటి మోరీ తీయించే సభ్యుణ్ని ఎన్నుకోరాదట. బడిలో పౌరశాస్త్రం చెప్పేవాణ్ని, ఈ లెక్క పిల్లలకు ఎట్ల చెప్పాలె?

మీ తమ్ముడో బిడ్డో అక్కడుంటే, పండుగకు వచ్చినప్పుడు అడగండి: అసెంబ్లీ జాబితా సరే, బోర్డు జాబితాలో నీ పేరు చూసుకున్నవా?