ప్రభాసతీర్థమున పానగోష్ఠి



మన పల్లెలలో వానలు వెనుకపట్టినప్పుడు విరాటపర్వము చదివించుట పరిపాటి. మౌసలపర్వమును మాత్ర మెవ్వరును కోరి చదివింపరు. కులమంతయు నశించిన కథను వినుట కీడని జంకుదురు. నేడు నేనా కథనే విన్నవింపదలచితిని.

మొదట వేరొక చిన్న కథ. అరణ్యపర్వమున చ్యవనమహర్షి అశ్వినీదేవతలకు సోమరసము నొసగబూనగా, ఇంద్రుడు వారర్హులు కారని వజ్రమెత్తెను. మహర్షి యాతని చేతిని స్తంభింపజేసి, మదుడను మహాసురుని పుట్టించెను. వాని దవడ యొకటి నేలను, ఒకటి మింటిని తాకెను. దేవతల రాజంతవాడును వణకి లొంగిపోయెను. పిమ్మట మహర్షి మదుని చంపలేదు. వానిని విభజించి మద్యమునందును, స్త్రీవ్యసనమునందును, జూదమునందును, వేటయందును ఉంచెను. కావున మదుడు చావలేదు; కుండలో నడగియున్నాడు.

ఇక యాదవుల మాట. కురుక్షేత్రయుద్ధము ముగిసిన 36వ యేట మునిశాపముచే ముసలము పుట్టెను. దానిని పొడిచేసి సముద్రమున గలిపిరి. అంతట ద్వారకలో నొక చాటింపు వేయించిరి: నేటినుండి ఎవ్వరును మద్యము చేయరాదు, చేసినవారిని బంధువులతో గూడ కొఱత వేయుదుము అని. ఆ చాటింపు ఆహుకుడు, శ్రీకృష్ణుడు, బలరాముడు, బభ్రువు అను నలువురి పేర జరిగినది. ఇంతకన్న కఠినమైన శాసనము వేరొక టుండదు. జనులు భయపడి మానిరి.

కొంతకాలమునకు అందరును ప్రభాసతీర్థమునకు యాత్ర పోయిరి. అది నేటి గూర్జరదేశమున సోమనాథము కడ నున్నది. యాత్రకు భక్ష్యములతోపాటు మద్యమును గూడ కొనిపోయిరి. విప్రులకై వండిన యన్నమున సుర గలిపి కోతులకు వేసిరి. అచ్చట కృష్ణుని యెదుటనే త్రాగిన వారి పేళ్ళు వ్యాసుడు చెప్పినాడు: బలరాముడు, కృతవర్మ, సాత్యకి, గదుడు, బభ్రువు. చిత్తగింపుడు! చాటింపులోని నలువురిలో ఇరువురిచ్చట పాత్ర పట్టిరి.

తరువాతి కథ మీ రెఱిగినదే. నిద్రించువారిని చంపినవాడవని సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. చేయి తెగి ప్రాయోపవిష్టుడైన భూరిశ్రవుని చంపినవాడవు నీవని కృతవర్మ బదులు పలికెను. సాత్యకి కత్తి దూసి వాని తల నఱికెను. భోజాంధకులు ఎంగిలిపాత్రలతోనే సాత్యకిని, ప్రద్యుమ్నుని మోది చంపిరి. పిదప తుంగ పెఱికిన ప్రతివాని చేతను అది ముసలమయ్యెను. తండ్రిని కొడుకు, కొడుకును తండ్రి కొట్టుకొనిరి. సుర ఆనాడు క్రొత్తగా పగ పుట్టింపలేదు. 36 యేండ్లుగా కప్పియుంచిన పగమీది మూత తీసినది, అంతే.

ఇది పురాణమని త్రోసివేయరాదు. 1940లో జర్మనీ సేనానాయకులు తమ సైనికులకు నిద్రయు నలసటయు తెలియకుండుటకై పెర్విటిన్, ఐసోఫాన్ అను మాత్రలను ఏప్రిలు మొదలు జూలై వరకు 3 కోట్ల 50 లక్షలకు పైగా పంపిరి. మొదట మాయమందువలె తోచినది. వ్యసనమగుట కనుగొని, 1941లో దానిని నల్లమందు చట్టము క్రిందికి తెచ్చిరి. అచ్చటను ఇచ్చిన చేయి పెద్దల చేయియే.

నా మాటయు చెప్పవలెను. మా గ్రామమున సారా మానవలెనని చాటింపు వేయించిన ఐదుగురిలో నేనొకడను. ఏడాది తిరుగకమునుపే ఒక పెండ్లిలో మాలో నొకరు, శుభకార్యమున దోషము లేదని పాత్ర నందుకొనిరి. నేను త్రాగలేదు. కాని పెద్దవారు కదా యని నోరు మెదపక కూర్చుంటిని. అది చూచి పడుచువాండ్రు త్రాగిరి. రెండిండ్ల మధ్య అణగియున్న గట్టు తగవు అర్ధరాత్రి పైకి వచ్చినది. తెల్లవారునప్పటికి ఇరువది రెండేండ్ల పిల్లవాని కన్ను పోయినది. ఆ పిల్లవాడు నేటికిని నన్ను చూచి చేతులు జోడించును. ఆ నమస్కారమును నేను సహింపజాలను.

దండనకు వెఱచి ద్వారకాజనులు మానిరి. పెద్దలను చూచి మరల మొదలిడిరి. గ్రామపెద్దలారా, మరల చాటింపు వేయుదము, వలదనను. కాని దండోరా వాని నంపుటకు ముందు, చాటింపులో పేరున్న ప్రతివాడును తన యింటి పెండ్లిపందిరిని తలచుకొనవలెను. ఆనాడు పాత్ర చుట్టి వచ్చినప్పుడు వలదనుటకును, ప్రక్కవానిని వారించుటకును ధైర్యము లేనివాడు, తన పేరు చేర్పింపకుండుట మేలు.

సెలవు.