బాడీలో పంప్ ఉంటే శంషాబాద్‌లో బీప్ వస్తుందా?

ఇవాళ్టి టాపిక్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్, సీఐఎస్ఎఫ్ చెకింగ్ లైన్. బెల్టు, వాచీ, పర్సు ట్రేలో పెట్టేశారు. మరి ఒంట్లోనే ఒక చిన్న పంప్ ఉంటే? అంగస్తంభన సమస్యకి పెనైల్ ఇంప్లాంట్ పెట్టించుకుందామా అనుకునేవాళ్లకి ఇదో పెద్ద టెన్షన్. బీప్ వస్తే అందరి ముందూ ఏం చెప్పాలి?

ముందు అదేంటో చూద్దాం. 1973లో అమెరికాలో, హ్యూస్టన్‌కి చెందిన యూరాలజిస్ట్ బ్రాంట్లీ స్కాట్ టీమ్ దీన్ని పరిచయం చేసింది. అంతా హైడ్రాలిక్స్. పురుషాంగంలో రెండు సిలిండర్లు, పొత్తికడుపులో సెలైన్ ఉండే చిన్న తిత్తి, వృషణాల సంచిలో పంప్. పంప్ నొక్కితే సెలైన్ సిలిండర్లలోకి వెళ్లి గట్టిపడుతుంది. రిలీజ్ బటన్ నొక్కితే వెనక్కి వెళ్లిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు. స్పర్శ మామూలుగానే ఉంటుంది. సైజు మాత్రం పెరగదు.

ఇక బీప్ సంగతి. ఇందులో ఎక్కువ భాగం సిలికాన్ లాంటి మెటీరియలే, మెటల్ చాలా తక్కువ. కాబట్టి గేటు మోగే ఛాన్స్ తక్కువ. చేత్తో చెక్ చేసేటప్పుడు డౌట్ వస్తే ఇంప్లాంట్ కార్డు చూపించి, "మెడికల్ ఇంప్లాంట్ సార్, పక్కకి తీసుకెళ్లి చెక్ చేయండి" అనండి. కాల్లో రాడ్డు ఉన్నవాళ్లు చెప్పినట్టే.

కానీ ఇది మొదటి మెట్టు కాదు, చివరిది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకి, ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకి, మాత్రలు, ఇంజెక్షన్లు పనిచేయనప్పుడు పెడతారు. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ లేదు. తర్వాత తీసేసినా పాత స్తంభన తిరిగి రాదు. ఇన్‌ఫెక్షన్ రిస్క్ ఉంది. ఏళ్లు గడిచాక పరికరం పాడైతే మళ్లీ ఆపరేషన్.

మాదాపూర్ మెడికవర్ హాస్పిటల్ కేసు 2024లో వార్తల్లో చూసే ఉంటారు. చిన్నప్పుడే అంగం కోల్పోయిన ఒక సోమాలియా యువకుడికి డాక్టర్లు ముంజేతి మీద కొత్త అంగం తయారుచేసి అమర్చారు. తర్వాత ఇంప్లాంట్ కూడా పెట్టారు. వైద్యం కోసం జనం దేశాలు దాటి హైదరాబాద్ వస్తుంటే, ఇక్కడే ఉన్న మనం సిగ్గుపడి గోడల మీద రాసిన "గుప్త రోగాల" నంబర్లకి ఫోన్ చేస్తున్నాం!

మీ వయసులో చాలాసార్లు కారణం టెన్షన్, నిద్రలేమి, సిగరెట్, మందు. కొందరికి మాత్రం ఇది షుగర్‌కో, గుండె జబ్బుకో ముందస్తు సిగ్నల్. అందుకే ముందు యూరాలజిస్ట్‌ని కలవండి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చెక్ చేయించుకోండి.

ఈ వీడియో ఎవరికైనా అవసరం అనిపిస్తే పర్సనల్‌గా పంపండి, గ్రూపులో వద్దు. ఉంటాను.