నడిసముద్రపు భూకంపము



ప్యాపిలికి సముద్రము బహుదూరము. అయినను మన పొలముల క్రిందనున్న బండయు, హిందూమహాసముద్రపు అడుగునున్న బండయు ఒక్క మహాఫలకపు భాగములే. భూమి పైపెంకు ఇట్టి ఫలకములుగా విడివడి యున్నది. మనలను మోయు ఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యముగా సాగుచున్నది.

భూకంపములు సాధారణముగా ఫలకముల అంచులందు పుట్టును. 2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రాయొద్ద పుట్టినది అట్టిదే. నాడు అంచు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున తెగెను. సముద్రపుటడుగు పైకి లేచి నీటిని ఎత్తివేయగా, సునామి యను ఆ యుప్పెన మన కోస్తాను సైతము తాకెను.

2012 ఏప్రిల్ 11వ తేదీన మధ్యాహ్నము 2 గంటల 8 నిమిషములకు సుమత్రాకు పడమట నడిసముద్రమున 8.6 తీవ్రతగల భూకంపము కలిగెను. రెండు గంటల పిమ్మట 8.2 తీవ్రతతో మరియొకటి వచ్చెను. ఆ యదురు చెన్నపట్టణమునను విశాఖపట్టణమునను తెలిసినది. అది అంచున గాక ఫలకమధ్యమున పుట్టుటయే వింత. యంత్రములతో కొలువనారంభించిన తరువాత సముద్రగర్భమున ఫలకమధ్యమున ఇంతటి భూకంపము మరియొకటి కానరాలేదు.

నడుమ ఏల తెగవలెను? ఒక కాడికి కట్టిన రెండెడ్లలో నొకటి గట్టునకు తగిలి నిలిచిపోవగా, రెండవది ముందునకు లాగినచో, కాడి నడుమ పగులును గదా! ఫలకపు పడమటిభాగము హిమాలయములను ఢీకొని మందగించుచున్నది. తూర్పుభాగము సుమత్రా క్రిందికి జారుచు సాగుచున్నది. ఈ రెంటి నడుమ సముద్రపుటడుగు మెలిపడుచున్నది. ఈ ఫలకము క్రమముగా రెండుగా విడిపోవుచున్నదని శాస్త్రజ్ఞుల మతము. 2004 నాటి తెగుదల ఆ లాగుడును హెచ్చించినదనియు వారందురు.

అచ్చట పూర్వకాలపు బీటలు పెక్కు కలవు. 2012లో ఒక బీట తెగగా, దానికి ఇంచుమించు అడ్డముగానున్న మరికొన్ని బీటలును వరుసగా తెగెను. ఇదంతయు రెండున్నర నిమిషములకు పైగా సాగెను. రెండువైపుల బండలు కొన్నిచోట్ల 20 మీటర్లకు మించి యొరసికొని జరిగెనని లెక్క కట్టిరి. కాని ఆ జరుగుట ప్రక్కలకే గాని మీదికి గాదు. కావున నీరు అంతగా లేవలేదు. హైదరాబాదునందలి సునామి హెచ్చరిక కేంద్రము నాడు హెచ్చరిక పంపి, పెద్దయల రాదని తెలిసినపిదప ఉపసంహరించెను. ప్రాణనష్టము బహుస్వల్పము.

ఇక లాతూరును స్మరింపుడు. 1993 సెప్టెంబరు 30వ తేదీన తెల్లవారుజామున అచ్చట వచ్చిన భూకంపపు తీవ్రత 6.2 మాత్రమే. 2012 నాటి దానిలో వెలువడిన శక్తి దీనికి సుమారు 4,000 రెట్లు. అయినను లాతూరు ప్రాంతమున ఇంచుమించు 10,000 మంది మరణించిరి. అదియు ఫలకమధ్యమే, నాటి పటములో అత్యల్పప్రమాద మండలమే. రాళ్లు మన్ను పేర్చిన మందపుగోడలు విచ్చిపోయి, మట్టిమిద్దెలు నిద్రించువారిపై కూలెను.

అట్టి గోడలును మిద్దెలును మన సీమలోను కలవు. భయపడవలదు, ప్యాపిలికి రేపే కీడు మూడునని ఎవ్వరును చెప్పజాలరు. కాని మనది గట్టినేల, నడినేల యని యుపేక్షింపరాదు. క్రొత్తగా గోడ కట్టించునపుడు దాని రెండుముఖములను కలిపిపట్టు పొడవురాళ్లను నడుమనడుమ పెట్టింపుడు. ద్వారబంధములపై ఇంటి చుట్టును తెగని కట్టు వేయింపుడు. మిద్దెపై ఏటేట మన్ను పోసి బరువు పెంచకుడు. భూమి కదలుటను మనము ఆపజాలము. ఇల్లు కూలకుండ కట్టుకొనుట మాత్రము మన చేతిలోనిదే.