బెణుకే కదా అనుకోవద్దు

నిరుడు పాపటోయిటోయిలో మా సైటులో మనవాడొకడు జారి, చేయి ఆనించి పడ్డాడు. బొటనవేలు వాచింది. "బెణుకేలే, అమృతాంజనం రాయి" అన్నది మేమే. ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నారు, పనిలోకి దించాం. నెలకి సుత్తి పట్టు తప్పింది.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గానీ, కీలుని పట్టి ఉంచే లిగమెంటు కనబడదు. అది అల్ట్రాసౌండులోనో ఎమ్మారైలోనో తేలాలి. తెగిన కొస చోటు తప్పకుంటే పట్టీతో అతుక్కుంటుంది. పక్క కండరం పొర పైకి మడతపడితే దానంతటది అతకదు, ఆపరేషనే. మనవాడిది అదే. మొదటి రెండు మూడు వారాల్లో తేలితే కుట్టడం తేలిక.

ఇక్కడ వర్క్ వీసా వాళ్లకూ ఏసీసీ ఉంది, తప్పెవరిదని అడగదు. దెబ్బ తగిలిన రోజే డాక్టరు దగ్గర క్లెయిము రాయించండి. పట్టు రాకపోతే "లిగమెంటు చూశారా?" అని అడగండి. మా మాట విని ఊరుకోవద్దు.