పని జరిగినది, ఫలము కలిగినదా?
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఏలూరునుండి కైకలూరు పోవు దారిలో పెదఎడ్లగాడి వంతెనయొద్ద నిలిచి చూచినవారికి కొల్లేటి కష్టము వేరుగ చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులును, డెల్టా మురుగు కాలువలెన్నియో ఈ సరస్సులోనికి నీరు తెచ్చును. ఆ నీరు సముద్రమునకు చేరుటకు ఉప్పుటేరొక్కటే దారి. ఆ దారిలో గుర్రపుడెక్క అల్లుకొన్నను, గట్టు అడ్డుపడినను పైయూళ్ల వరిచేలు మునుగును.

1951లో ఆరంభమైన పంచవర్ష ప్రణాళికలు పండ్రెండు నడచి 2017 మార్చితో ముగిసినవి. ప్రణాళికా సంఘము స్థానమున 2015 జనవరి 1న నీతి ఆయోగ్ ఏర్పడినది. ఇంత కాలములో మన దేశము నేర్చుకొనిన పాఠములలో ముఖ్యమైనది ఒకటి కలదు: ఖర్చు వేరు, పని వేరు, ఫలము వేరు. కేంద్ర ప్రభుత్వము 2005లో ఫలితముల బడ్జెటును ప్రవేశపెట్టుటకు కారణమిదియే. ఎన్ని రూపాయలు వ్యయమైనవని మాత్రమే గాక, దానివలన ప్రజలకేమి ఒరిగినదని ప్రతి శాఖయు చెప్పవలసివచ్చినది.

మేము ప్రచార శాఖవారము. ఖర్చైన లక్షలను పెద్ద అక్షరములతో పలకలపై వ్రాయించుట మాకును అలవాటే. కావున ఈ తప్పు ఇతరులదని మేము చెప్పజాలము.

కొల్లేటి కథనే చూడుడు. 1970ల దశకమున పేద జాలరుల సహకార సంఘములకు చేపల చెరువులు త్రవ్వించి యిచ్చుట ప్రభుత్వ పథకమే. ఉద్దేశము మంచిది. చెరువులును లేచినవి. అయితే కాలక్రమమున అనేక చెరువులు కౌలు రూపమున పెట్టుబడిదారుల చేతిలోనికి పోయినవి. గట్టు మీద గట్టు పెరిగి నీటి దారి ఇరుకైనది. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాకెక్కినది. 2006లో యంత్రములు తెచ్చి గట్లు తెగగొట్టిరి. ఆ తరువాతను కొన్ని గట్లు మరల లేచినవి. ఒకే సరస్సులో గట్టు వేయుటకు ఒక పద్దు, త్రెంచుటకు మరియొక పద్దు! గట్టు తెగిననాడు పెట్టుబడిదారుడొక్కడే నష్టపడలేదు. ఆ చెరువునే నమ్ముకొనిన జాలరియు నష్టపడినాడు. చెరువులెన్ని త్రవ్వితిమని అడుగుటతో ఆగక, చేపల రాబడి ఎవరి ఇంటికి చేరుచున్నది, వాననీరు ఎచ్చట ఆగుచున్నది అని ఏటేట అడిగియుండిన, దిద్దుబాటు ముందే జరుగుటకు వీలుండెడిది.

ఇక మీ వంతు. 2015నుండి ప్రతి గ్రామ పంచాయతీయు తన అభివృద్ధి ప్రణాళికను తానే వ్రాసికొనుచున్నది. మీ పదవీకాలమును అయిదేండ్లే. పదిహేనవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకిచ్చిన నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును కట్టుబడియుండెను. చేతిలో మిగులునది కొంచెము గనుక, దానికి లెక్క మరింత నిక్కచ్చిగ నుండవలెను.

మీ ఊరి మురుగు కాలువలో పూడిక తీసితిరనుకొందము. ఇన్ని గజములు త్రవ్వితిమని వ్రాయుట పని లెక్క. పెద్దవాన కురిసిన తరువాత చేలలో నీరెన్ని దినములు నిలిచినదని వ్రాయుట ఫలము లెక్క. దీనికి ఇంజనీరు రానక్కరలేదు. తూము గోడపై రంగుతో ఒక గీత గీయించి, నీరు గీత దాటిన తేదీయు, దిగిన తేదీయు ఒక పుస్తకమున వ్రాయించుడు. కనీసము మూడేండ్లు వ్రాయవలెను. ఒక యేడు వాన తక్కువైన, ఏమియు చేయని కాలువయు బాగుపడినట్లే కనిపించును.

మరియొక మాట. మీరు మీ హద్దువరకు కాలువ బాగుచేసి ఊరుకొన్నచో, మీ నీరు దిగువ ఊరి చేలపై పడును. తాడేపల్లిగూడెము ప్రాంతమున ఎర్రకాలువ పొంగు చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. కాలువకు పంచాయతీ హద్దులు తెలియవు. కనుక ప్రణాళిక వ్రాయుటకు ముందే దిగువ పంచాయతీవారితో కూర్చుండుడు. పని దిగువనుండి ఎగువకు సాగవలెను. ఈ మాటకు మొదట మీ ఊరిలోనే అభ్యంతరము రావచ్చును, మా సొమ్ము వారి కాలువకా యని.

రాబోవు గ్రామసభలో క్రొత్త పనుల జాబితా చదువుటకు ముందు ఆ గీతల పుస్తకమును చదివి వినిపించుడు. నాట్లు వేయు స్త్రీలను ముందు వరుసలో కూర్చుండబెట్టి, వ్రాసిన తేదీలు సరియేనా యని అడుగుడు. ఏ చేలో నీరెన్ని దినములు నిలిచినదో వారి కాళ్లకు తెలియును.