వైద్యగురువులకు శిక్షణ



ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు వైద్యుని హస్తవాసిని గూర్చి వాకబు చేస్తాము. ఆయన పేరు చివర ఎన్ని పట్టాలున్నవో చూస్తాము. ఆ పట్టాలిచ్చిన కళాశాల ఏదని కూడా కొందరు విచారిస్తారు. కాని ఆయన చెవులకు స్టెతస్కోపు తగిలించి, గుండెచప్పుడులో సహజమైనదేదో, వికృతమైనదేదో పోల్చుకొనడం నేర్పిన గురువెవరని అడిగేవారు అరుదు. ఆ గురువుకు వైద్యం తెలిసినంతగా నేర్పడం కూడా తెలుసునా అని అడిగేవారు మరీ అరుదు. ఈనాటి ప్రసంగానికి ఆ చివరి ప్రశ్నయే విషయం.

పాఠశాలలో పిల్లలచేత అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయునికి బోధనాశిక్షణ ఉండితీరాలని నియమం ఉన్నది. మనిషి ప్రాణంతో ముడిపడిన విద్యను నేర్పే ఆచార్యునికి మాత్రం చాలాకాలం అటువంటి నియమమేదీ లేదు. తన శాస్త్రంలో ఉన్నతమైన పట్టా పుచ్చుకొన్నవాడు, కొంతకాలం ఆసుపత్రిలో పనిచేసి, ఉపన్యాసవేదిక ఎక్కేవాడు. తన గురువు తనకెట్లా చెప్పినాడో తానూ అట్లాగే చెప్పేవాడు. మంచి గురువు దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకనివాడు ఆ కొరతను తన శిష్యులకు వారసత్వంగా అందించేవాడు. ఆ కొరత అంతిమంగా చేరేది రోగి మంచానికే.

విద్య వేరు, విద్యను అందించే నేర్పు వేరు అన్న సంగతి మనవారికి తెలియనిది కాదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటకంలో ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు గొప్ప అని వాదులాడుకొంటారు. ఆ వివాదానికి పరీక్షగా నిలిచినది గురువుల నాట్యం కాదు, శిష్యుల నాట్యం. ఇక వైద్యం మాటకు వస్తే, సుశ్రుతసంహితలో శస్త్రవిద్యాభ్యాసానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. కత్తిగాటు పెట్టడం గుమ్మడి, దోస వంటి కాయలమీద అభ్యసించాలి; కుట్లు వేయడం దళసరి బట్టమీద, మెత్తని తోలుమీద అభ్యసించాలి; కట్టు కట్టడం బొమ్మమీద నేర్చుకోవాలి. ఎంత శాస్త్రం చదివినవాడైనా చేతి అలవాటు లేకుండా రోగిమీదికి పోరాదన్నది అందులోని విధి. నేర్పడానికి ఒక క్రమం ఉన్నదనీ, ఆ క్రమాన్ని గురువు ముందుగా ఆలోచించి ఏర్పరచాలనీ ఆ ఆచార్యులు గ్రహించినారు.

ఆధునికయుగంలో ఈ ఆలోచనకు తిరిగి ప్రాణం పోసినవారిలో జార్జి మిల్లరు అనే అమెరికన్ వైద్యుడు ముఖ్యుడు. 1950ల నడుమ ఆయన బఫెలో విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం బోధిస్తూ, అదే విశ్వవిద్యాలయంలోని విద్యాశాస్త్ర విభాగంవారి సహాయం కోరినాడు. రోగాన్ని గూర్చి మేము పరిశోధన చేస్తున్నామే, మా బోధనను గూర్చి ఎందుకు చేయరాదన్నది ఆయన ప్రశ్న. వైద్యాధ్యాపకులు, విద్యాశాస్త్రజ్ఞులు ఒకచోట కూర్చున్నారు. ఆ పని 1959 నుండి చికాగోలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మరింత విస్తరించినది. 1961లో ఆయన, ఆయన సహచరులు వైద్యకళాశాలలో బోధనాభ్యసనాలను గూర్చి వెలువరించిన గ్రంథం ఈ రంగంలో తొలి గ్రంథాలలో ఒకటిగా నిలిచినది.

మన దేశంలో 1970ల నడుమ, ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో, పుదుచ్చేరిలోని జిప్‌మర్ సంస్థలో వైద్యాధ్యాపకుల శిక్షణకు జాతీయకేంద్రం ఏర్పడినది. ప్రతి వైద్యకళాశాలలోను వైద్యవిద్యా విభాగం ఒకటి ఉండాలని భారత వైద్యమండలి 1997 నాటి నిబంధనలలో కోరినది. 2009 నుండి ప్రాంతీయ శిక్షణకేంద్రాలు నెలకొని, అధ్యాపకులకు కొద్దిరోజుల ప్రాథమిక శిక్షణ క్రమబద్ధంగా సాగినది. 2019లో ఎం.బి.బి.ఎస్. చదువుకు సామర్థ్యాలను ఆధారంగా చేసికొన్న కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినది. మరుసటి సంవత్సరం ఆ మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ ఏర్పడినది. 2022 నాటి నియమావళిలో ఈ ప్రాథమిక శిక్షణను అధ్యాపకుల పదోన్నతికి అవసరమైన అర్హతలలో చేర్చినారు.

ఈ శిక్షణలో ఏమి నేర్పుతారని మీరు అడుగవచ్చు. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. సూక్ష్మబోధన అనే పద్ధతి 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పుట్టినది. అధ్యాపకుడు నలుగురైదుగురు సహాధ్యాపకుల ఎదుట కొద్ది నిమిషాల పాఠం చెప్పాలి. చెప్పిన వెంటనే వారు తమ అభిప్రాయం చెబుతారు. ప్రశ్న వేసి జవాబుకు వ్యవధి ఇచ్చినారా, మీరే జవాబు చెప్పుకొన్నారా? చివరి వరుసవైపు ఒక్కసారైనా చూచినారా? పాఠం ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలని మీరు తలచినారు? ఆ అభిప్రాయాలు విని, అదే పాఠాన్ని సవరించి మరల చెప్పాలి. ఇరవై సంవత్సరాలుగా పాఠాలు చెబుతున్న ఆచార్యునికి ఇది మొదట చిన్నతనంగా తోస్తుంది. కాని శస్త్రచికిత్సను పెద్దల ఎదుట చేసి, దిద్దించుకొని నేర్చుకొన్నవారు బోధనను అట్లా నేర్చుకొనడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

రెండవ ఉదాహరణ పరీక్షకు సంబంధించినది. పూర్వపు పద్ధతిలో విద్యార్థికి ఒక రోగిని కేటాయించి, ఆ రోగిని గూర్చి ప్రశ్నలు వేసేవారు. సులభమైన జబ్బు వచ్చినవాడు బయటపడేవాడు, చిక్కుజబ్బు వచ్చినవాడు తడబడేవాడు. పరీక్షకుని స్వభావం కూడా ఫలితాన్ని నిర్ణయించేది. 1975లో స్కాట్లండులోని డండీ నగరంలో రొనాల్డు హార్డెను, ఆయన సహచరులు దీనికొక మార్గాంతరం చూపినారు. పరీక్షాస్థలంలో వరుసగా కొన్ని మజిలీలు ఏర్పాటు చేస్తారు. ఒకచోట రక్తపుపోటు చూడాలి, మరొకచోట ఎక్స్‌రే చదవాలి, ఇంకొకచోట తల్లికి బిడ్డ జబ్బును గూర్చి వివరించాలి. విద్యార్థులందరు అన్ని మజిలీలు తిరుగుతారు, అందరికీ ఒకే పని, ఒకే కొలత. మిల్లరు 1990లో ఒక గోపురంవంటి చిత్రంతో ఇదే సూత్రాన్ని వివరించినాడు: తెలిసి ఉండడం అడుగుమెట్టు, ఎట్లా చేయాలో తెలియడం రెండవది, చేసి చూపడం మూడవది, నిత్యజీవితంలో నిజంగా చేయడం శిఖరం. మన పరీక్షలు చాలాకాలం అడుగుమెట్టు దగ్గరే ఆగిపోయినవి.

మూడవది సంభాషణ. మన పల్లెవాసి వైద్యునితో 'గుండె దడగా ఉన్నది', 'కాళ్ళు గుంజుతున్నవి', 'కడుపులో మంట' అంటాడు. ఇంగ్లీషు గ్రంథాలు చదివిన విద్యార్థి ఈ మాటల వెనుక ఉన్న వ్యాధిని గుర్తించగలగాలి. తాను గుర్తించినదాన్ని తిరిగి ఆ మాటలలోనే చెప్పగలగాలి. 2019 పాఠ్యప్రణాళికలో వైఖరి, నీతి, సంభాషణ అనేవి పాఠాలుగా చేరినవి. మొదటి సంవత్సరం ఆరంభంలోనే స్థానికభాషను నేర్పడానికి అవకాశం కల్పించినారు. అయితే నీతిని ఉపన్యాసంతో నేర్పలేము. ఉదయం తరగతిలో రోగి గౌరవాన్ని గూర్చి చెప్పిన ఆచార్యుడు, మధ్యాహ్నం వార్డులో రోగిని పేరుతో కాక మంచం నంబరుతో పిలిస్తే, శిష్యుడు నేర్చుకొనేది రెండవ పాఠమే.

వార్డులో మరొక దృశ్యం కూడా చాలామందికి పరిచితమే. ఆచార్యుడు ప్రశ్న వేస్తాడు. విద్యార్థికి జవాబు తెలియదు. అందరి ఎదుట, రోగి ఎదుట, అతనిని పరిహసిస్తాడు. దీనిని కొందరు కఠినశిక్షణ అని సమర్థిస్తారు. కాని ఫలితం ఆలోచించండి. ఆ విద్యార్థి ఆనాడు నేర్చుకొన్నది ఒక్కటే: తెలియదని చెప్పరాదు. ఐదేండ్ల తరువాత అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఒంటరిగా ఉన్నప్పుడు, మందు మోతాదు విషయంలో సందేహం కలిగినప్పుడు, పెద్దవైద్యుని నిద్రలేపడానికి అతడు జంకుతాడు. ఆ జంకు ఖరీదు చెల్లించేది రోగి. కనుక గురువు ప్రవర్తనను సంస్కరించడం మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

ఇక నాయకత్వం మాట. అధ్యాపకుడు శిక్షణ పొంది, ఉత్సాహంతో తన కళాశాలకు తిరిగివస్తాడు. నూట యాభైమంది తరగతిని చిన్న చిన్న బృందాలుగా విభజించి చెప్పాలనుకొంటాడు. గదులు లేవంటారు. ప్రయోగశాలలో పరీక్షావిధానాన్ని మార్చాలనుకొంటాడు. ఇంతకాలం జరిగినట్లే జరుగనీయవయ్యా అంటారు. రెండు నెలలలో ఉత్సాహం చల్లారుతుంది. గోడమీద ధ్రువపత్రం మిగులుతుంది. కాబట్టి శిక్షణ ఎంత అవసరమో, ఆ శిక్షణకు చోటు కల్పించే నాయకత్వం అంత అవసరం.

ఈ సత్యాన్ని గుర్తించి ఏర్పడిన సంస్థలలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 2000లో స్థాపితమైన ఫైమరు ఒకటి. దాని ప్రాంతీయ శిక్షణాలయాలు మన దేశంలో 2005లో ముంబయిలోను, 2006లో లూధియానాలోను, 2007లో కోయంబత్తూరులోను ప్రారంభమైనవి. అక్కడి పద్ధతిలో విశేషం ఇది. శిక్షణకు వచ్చే అధ్యాపకుడు తన కళాశాలలో తాను తేదలచిన ఒక మార్పును ప్రణాళికగా వెంట తీసికొనిపోవాలి. శిక్షణ రెండు సంవత్సరాలు సాగుతుంది. మధ్యకాలంలో స్వస్థానంలోనే ఆ మార్పును ఆచరణలో పెట్టి, ఏమి ఫలించినదో, ఏమి ఫలించలేదో తోటివారికి నివేదించాలి. నాయకత్వం పదవితో రాదనీ, ఒక చిన్న పనిని నలుగురిని కలుపుకొని సాధించడంతో వస్తుందనీ ఈ పద్ధతి నేర్పుతుంది.

నాయకుడు ఎట్లా ఉండాలన్న ప్రశ్నకు మన హైదరాబాదు చరిత్రలోనే ఒక పాఠం ఉన్నది. 1846లో స్థాపితమై, నేడు ఉస్మానియా వైద్యకళాశాలగా ప్రసిద్ధమైన విద్యాలయానికి పందొమ్మిదవ శతాబ్ది చివర ఎడ్వర్డు లారీ అధిపతి. ఆయన సమర్థుడైన శస్త్రవైద్యుడు, శిష్యులపై ప్రభావం గలవాడు. క్లోరోఫారం మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసను గమనిస్తే చాలునని, గుండెకు నేరుగా ప్రమాదం లేదని ఆయన గట్టిగా నమ్మినాడు. నిజాం ప్రభుత్వ ద్రవ్యసహాయంతో 1888లోను, 1889లోను రెండు పరిశోధక సంఘాలు హైదరాబాదులో పనిచేసి, వందలాది జంతువులపై పరీక్షలు జరిపి, ఆయన మతాన్నే సమర్థించినవి. ప్రపంచం దృష్టి హైదరాబాదువైపు తిరిగినది. కాని 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ చేసిన ప్రయోగాలు, క్లోరోఫారం గుండె లయను చెరిచి హఠాన్మరణం కలిగించగలదని నిరూపించినవి. లారీ శిష్యులకు శ్వాసను శ్రద్ధతో గమనించడం నేర్పినాడు. అది గొప్ప సేవ. అయితే గురువు ఎంతటివాడైనా, ఆయన సిద్ధాంతాన్ని ప్రశ్నించే చోటు విద్యాలయంలో ఉండాలి. ఆ చోటును కాపాడడమే నాయకుని మొదటి ధర్మం.

ఈ విషయం నేడు మరింత తొందర కలిగించే కారణం ఒకటున్నది. 2014కు పూర్వం దేశంలో 387 వైద్యకళాశాలలు ఉండగా, 2024 నాటికి అవి 780 అయినవి. తెలంగాణలో 2022లో సంగారెడ్డి, మహబూబాబాదు, వనపర్తి, నాగరుకర్నూలు మొదలైన ఎనిమిది చోట్ల, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. పట్టణానికి దూరంగా ఉన్న బిడ్డలకు వైద్యవిద్య చేరువ కావడం సంతోషించవలసిన విషయమే. అయితే భవనం రెండేండ్లలో లేస్తుంది. యంత్రాలు మూడు నెలలలో వస్తవి. అధ్యాపకుడు తయారుకావడానికి పది పదిహేనేండ్లు పడుతుంది. ఉన్న అధ్యాపకులను బోధనలో నిపుణులను చేయడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

బయట వందమంది రోగులు వేచి ఉండగా బోధనాశాస్త్రానికి తీరిక ఎక్కడిదని వైద్యులు అంటారు. ఆ మాటలో నిజం ఉన్నది. అందుకే పాలకులు మూడు పనులు చేయవలసి ఉన్నది. బోధనకు వేళ కేటాయించి, ఆ వేళను ఇతర పనులకు లాగుకొనకుండా చూడాలి. పదోన్నతి సమయంలో ప్రచురించిన వ్యాసాలను లెక్కించినట్లే, బోధనలోని శ్రద్ధను కూడా లెక్కించాలి. శిక్షణ మూడురోజుల ముచ్చటగా ముగియక, ఏటేటా తోటివారి పరిశీలనతో సాగాలి. నేటి ఒక గంట బోధన, రేపు వంద పడకల వద్ద తప్పును తగ్గిస్తుంది.

శ్రోతలుగా మీకు కూడా ఇందులో భాగం ఉన్నది. బోధనాసుపత్రిలో మీరో, మీవారో చికిత్స పొందుతున్నప్పుడు విద్యార్థులు మంచం చుట్టూ నిలబడతారు. మీ అనుమతి అడిగి, తెర వేసి, తాము చేయబోయేది చెప్పి, అప్పుడు చేయి వేయడం వారి విధి. అడగడం మరచిన విద్యార్థిని మర్యాదగా అడగమనండి. అడిగినవారికి, మీ శరీరస్థితి అనుకూలించినంతవరకు, సహకరించండి. ఆ కుర్రవాని వైద్యవిద్యకు మీరు కూడా ఒక గురువే. రేపు అతని చేయి తాకబోయే రోగి, మీకెన్నడూ కనబడకపోయినా, ఆ పాఠంవల్ల మేలు పొందుతాడు.