కీలు చెడకముందే

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేస్తుంది. కీలు లోపలి పొర వాచి, మృదులాస్థినీ ఎముక అంచునూ తినేస్తుంది. బాధితుల్లో ఎక్కువమంది స్త్రీలే. తెల్లవారి లేచేసరికి పిడికిలి బిగియదు, జడ వేసుకుందామంటే వేళ్లు వంగవు. నొప్పి మాత్రతో బాధ తగ్గుతుంది గానీ ఎముక కోత ఆగదు.

అందుకే మందును పరీక్షించేటప్పుడు నొప్పి తగ్గిందా అని అడిగితే చాలదు. చేతులకు, పాదాలకు ఎక్స్‌రేలు తీస్తారు. ఎవరు ఏ మందు వాడారో తెలియని వైద్యులు ఒక్కో కీలు దగ్గర ఎముక కోతకూ, సందు ఇరుకవడానికీ మార్కులు వేస్తారు. సవరించిన షార్ప్ స్కోరులో ఈ మార్కులు 0 నుంచి 448 దాకా ఉంటాయి. మార్కులు పెరిగాయంటే కీలు చెడిందనే.

ఈ జబ్బు చికిత్సకు ఆధారం మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనల నుంచి, క్యాన్సర్ మందుగా ఇది వెలువడింది. కీళ్లకు తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. చీటీలో మందు మింగాల్సిన రోజు పేరు రాసి, దాన్ని రోగి చేత ఒకసారి చెప్పించడం ప్రతి వైద్యుడికీ తొలి బాధ్యత.

ఒక్క మందు చాలనప్పుడు మరొకటి కలపవచ్చా? 1996లో అమెరికాలో 102 మందిపై జరిగిన పరీక్షలో మెథోట్రెక్సేట్‌కు సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ జోడించారు. పెద్ద దుష్ప్రభావం లేకుండా రెండేళ్లపాటు సగం మెరుగుదల నిలిచినవారు మూడు మందుల బృందంలో 77 శాతం, మెథోట్రెక్సేట్ ఒక్కటే వాడిన బృందంలో 33 శాతం. 2004లో వెలువడిన టెంపో పరీక్షలో, ఏడాది తర్వాత మెథోట్రెక్సేట్ బృందంలో షార్ప్ స్కోరు సగటున 2.80 పెరిగింది. ఎటనర్సెప్ట్ అనే ఇంజెక్షన్ కూడా కలిపినవారిలో 0.54 తగ్గింది.

అయితే కలిపినదల్లా మేలు చేయదు. ఎటనర్సెప్ట్‌కు అనకిన్రా అనే మరో మందు జోడించి చూస్తే అదనపు గుణం కనిపించలేదు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. ఏ జోడీ మేలో ఊహతో తేలదు, పరీక్షించి చూడాల్సిందే.

ధర విషయమూ అలాగే తేలింది. మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మందిపై జరిగిన రాకాట్ పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. చవకైన మూడు మాత్రలతో మొదలుపెట్టి, 24 వారాల్లో గుణం లేకపోతేనే ఎటనర్సెప్ట్‌కు మారిన రోగులు, మొదటినుంచీ ఖరీదైన ఆ ఇంజెక్షన్ తీసుకున్నవారికి తీసిపోలేదు. ఎక్స్‌రేల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంజెక్షన్ కొనలేని ఇంట్లో కూడా కీళ్లను కాపాడే దారి ఉందని ఆ పరీక్ష రుజువు చేసింది.